ఇంటిలో నెట్ ఆగినప్పుడు



ఇటీవల కుటుంబ దర్శనములకు వెళ్లినప్పుడు ఒక తల్లి ప్రార్థన విన్నపము చెప్పుచు, "అయ్యగారూ, నెట్ ఆగిందంటే చాలు, మా ఇంట్ల కొట్లాటనే. తండ్రి కొడుకును అంటడు, కొడుకు చెల్లెను అంటడు. జర ప్రార్థన చేయుండ్రి" అన్నది. ప్రక్కనున్న సంఘపెద్ద చిరునవ్వు నవ్వాడు. మేము మాత్రము నవ్వలేకపోయాము. ఎందుకంటే అదే కొట్లాట మా ఇంటిలోను జరిగింది. అందులో తప్పు చేసినవారము మేమే. సిగ్గుతోనే అయినా ఆ సంగతి ఈ నెల మీ ముందు పెట్టుచున్నాము.

ఇది చిన్న విషయమని అనుకొనకండి. మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవ మొదలైనది 1995 ఆగస్టు 15న. అప్పుడు అది పెద్ద పట్టణములలో కొద్దిమందికే. నేడు పల్లెలో పిల్లవాని హాల్‌టికెట్టు, రైతు భూమి కాగితము, గ్యాసు బుకింగు, దుబాయిలో ఉన్న కొడుకు ముఖము, అన్నియు దాని గుండానే ఇంటికి వచ్చుచున్నవి. కర్మాగారములో రాత్రి షిఫ్టుకు వెళ్లిన తండ్రి విరామ సమయములో ఫోను ద్వారా కుటుంబ ప్రార్థనలో కలిసే ఇండ్లు మన సంఘములలో ఉన్నవి. అది ఆగినప్పుడు మాట తెగును. మాట తెగిన చోట అనుమానము మొలుచును.

మా ఇంటిలో జరిగినది

మేము కాపురముండునది పటాన్‌చెరుకు, సంగారెడ్డికి మధ్య, పెద్ద రోడ్డుకు కొంచెము లోపలనున్న పాస్టరు గృహము. ముందు గది పాతది. దాని రాతిగోడ మూరెడు మందము ఉండును. వెనుక రెండు గదులు తరువాత స్లాబు వేసి కట్టినవి. మా కుమార్తె ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరములో ఎంట్రెన్సు పరీక్షకు సిద్ధపడవలసి వచ్చినందున ఇంటికి ఫైబరు కనెక్షను తీసుకున్నాము. కొన్ని నెలలు బాగుగానే నడిచింది. క్రిస్మస్ దాటిన తరువాత తంటా మొదలైనది.

రాత్రి ఎనిమిది దాటితే నెట్ ఆగిపోవును. రెండు మూడు నిమిషములకు మరల వచ్చును. మరల ఆగును. వెనుక గదిలోనైతే వచ్చినా రానట్లే. మేము కనెక్షను ఇచ్చినవారికి ఫోను మీద ఫోను చేశాము. ఒక కుర్రవాడు రెండుసార్లు వచ్చి, చూచి, "సార్, లైను మంచిగనే ఉంది" అని వెళ్లిపోయాడు. అతడు పని తెలియనివాడని ఇంటిలో అందరి ముందు అన్నాము.

తరువాత మా చూపు కుమార్తె మీద పడినది. రాత్రులు తలుపు వేసుకొని ఫోనులో ఏవో వీడియోలు చూచుచున్నది, అందుకే నెట్ అంతా అయిపోవుచున్నది అని నిర్ణయించుకున్నాము. అడుగలేదు. నిర్ణయించుకున్నాము. ఒకనాడు భోజనముల దగ్గర ఆమెను గట్టిగా మందలించి, ఆ రాత్రే వైఫై పాస్‌వర్డు మార్చివేశాము. ఆమె, "డాడీ, నేను కాదు" అని ఒక్క మాట అని ఊరుకున్నది. ఆ మౌనమును మేము నేరము ఒప్పుకొనుటగా తీసుకున్నాము.

వారము దినములు గడిచిన తరువాత ఒక సాయంత్రము మేము మందిరమునకు వెళ్లి చూడగా మెట్ల మీద ఆమె కూర్చొని యున్నది. ఒడిలో పుస్తకము, చేతిలో తల్లి ఫోను. ఆ ఫోను డేటాతో కాలేజీవారు పెట్టిన మాదిరి పరీక్ష వ్రాయుచున్నది. దోమలు కుట్టుచుంటే ఒక చేత్తో కాళ్లు తుడుచుకొనుచున్నది. అంతకు ముందు రెండు పరీక్షలు నెట్ ఆగిపోయి మధ్యలోనే పోయినవట. ఆ సంగతి తల్లికి చెప్పినది గాని మాకు చెప్పలేదు. మాకు చెప్పి ప్రయోజనము లేదనుకున్నది. ప్రియులారా, ఆ మాట మాకు తగిలినట్లు ఏ విమర్శయు తగులలేదు.

ఫిట్టరు సహోదరుడు చేసిన పని

మరుసటి ఆదివారము ఆరాధన తరువాత ఈ సంగతి మా సంఘములోని ఒక సహోదరునితో చెప్పాము. ఆయన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక కర్మాగారములో మెయింటెనెన్సు ఫిట్టరు. భోజనమైన వెంటనే ఇంటికి వచ్చాడు. చేతిలో పనిముట్లు ఏమియు లేవు. మేము జరిగినదంతా చెప్పబోగా ఆయన వినయముగా ఆపి, "అయ్యగారూ, మా కంపెనీల మిషను ఆగితే ముందుగాల మనిషిని తిట్టం. కరెంటు ఏడిదాకా వస్తున్నదో చూస్తం. ఏడ ఆగిందో ఆడనే రోగం ఉంటది" అన్నాడు.

ఆయన చేసినదంతా ఇదే. మొదట పెట్టె మీది లైట్లు చూచాడు. అన్నియు పచ్చగానే ఉన్నవి. తరువాత మా కంప్యూటరును ఒక తీగతో నేరుగా పెట్టెకు కలిపి వేగము చూచాడు. మేము డబ్బు కట్టుచున్నది 40 ఎంబీపీఎస్‌కు. వచ్చినది 38. "కుర్రవాడు అబద్ధం చెప్పలే. లైను మంచిదే" అన్నాడు. తరువాత ఫోను పట్టుకొని గది గది తిరిగాడు. ముందు గదిలో మంచి వేగము. మా కుమార్తె గదిలో 2 దగ్గర ఊగులాడుచున్నది.

అప్పుడు, "పెట్టె ఇక్కడ ఎవరు పెట్టిన్రు?" అని అడిగాడు. మేము నోరు తెరువలేకపోయాము. కనెక్షను ఇచ్చినవారు దానిని కిటికీ పైన, బల్ల ఎత్తున పెట్టారు. క్రిస్మస్‌కు సున్నము వేయించినప్పుడు, వచ్చువారికి తీగలు కనబడి అందము చెడునని మేమే దానిని తీసి ఇనుప బీరువా వెనుక దాచాము. మిగిలిన సన్నని తీగను చిన్న చుట్టగా చుట్టి సుతిలితో బిగించి కట్టినది కూడా మేమే.

సహోదరుడు బీరువా తలుపు తెరచి చూచాడు. మా ఇంటి నేల బండల నేల. ఎగుడుదిగుడు. తలుపు లాగినప్పుడెల్లా బీరువా ఒక వ్రేలెడు వెనుకకు ఒరిగి ఆ తీగను గోడకు నొక్కుచున్నది. నొక్కిన క్షణముననే పెట్టె మీద ఎర్ర లైటు వెలిగినది. నెట్ పోయినది. తలుపు మూయగా రెండు నిమిషములకు మరల వచ్చినది.

ఆ బీరువాలో ఉండునది సంఘ లెక్కల పుస్తకము. రాత్రి ఎనిమిది దాటిన తరువాత దానిని తీయువారు, పెట్టువారు ఇంటిలో ఒక్కరే. అది మేమే.

ఎందుకిలా జరుగును?

ఈ ఫైబరు తీగలో పారునది కరెంటు కాదు, వెలుగు. లోపల తలవెంట్రుకంత గాజు పోగు ఉండును. వెలుగు దాని గోడలకు తగిలి మరల లోపలికే మళ్లుచు కిలోమీటర్ల కొలది ప్రయాణించును. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ 1950లలో ఇంగ్లండులో ఈ విద్యకు పునాది వేసినవారిలో ఒకరు. గాజు పోగు ద్వారా దూరముగా మాటలు పంపవచ్చునని 1966లో చూపిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పోగు మెల్లగా వంగితే వెలుగు దానితోపాటు వంగును. గట్టిగా మడిచినా, నొక్కినా ఆ మడత దగ్గర బయటికి కారిపోవును. వెలుగు క్షణకాలము తప్పినా పెట్టె మరల మొదటినుండి లైనుతో కలిసికొనవలెను. అందుకే ఆ రెండు మూడు నిమిషముల ఆలస్యము.

ఇది పెట్టె వరకు వచ్చు దారి. పెట్టెనుండి ఫోను వరకు ఉన్నది మరియొక దారి. అక్కడ తీగ లేదు, రేడియో తరంగములు మాత్రమే. వైఫైకి మొదటి ప్రమాణము 1997లో వచ్చినది. ఈ తరంగములు ఇటుక గోడను కొంత దాటగలవు గాని మందపు రాతిగోడలోను, ఇనుప కమ్ములున్న స్లాబులోను చాలవరకు బలహీనపడును. ఇనుప బీరువా, ఫ్రిజ్జు, పెద్ద అద్దము వాటిని వెనుకకు కొట్టివేయును. నీళ్ల ట్యాంకు వాటిని మ్రింగివేయును. మేము దీపము వెలిగించి కుంచము క్రింద పెట్టి, గదిలో చీకటేమని పిల్లను గద్దించినవారమైతిమి.

ఇంటిలో మీరే చేసికొనదగినవి

ఆ సహోదరుడు చూపినవి, తరువాత మేము అనుభవములో నేర్చుకొన్నవి మీ మేలు కొరకు వ్రాయుచున్నాము.

మొదటిది: నెట్ ఆగగానే పెట్టె మీది లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ అను చోట ఎర్ర లైటు ఉంటే బయటినుండి వెలుగు రావటము లేదు. ఇంటిలో తీగ ఎక్కడైనా నలిగినదేమో చూచి, లేనియెడల ఫిర్యాదు చేయండి. తీగ తెగి కనబడితే దాని కొనలోనికి కన్ను పెట్టి చూడవద్దు. ఆ వెలుగు కంటికి కనబడదు గాని హాని చేయగలదు. పిల్లలకు ఇది తప్పక చెప్పండి.

రెండవది: లైట్లు సరిగా ఉంటే పెట్టె ప్రక్కనే నిలువబడి ఫోను చూడండి. అక్కడ బాగుండి లోపలి గదిలో లేకపోతే లోపము లైనుది కాదు, మీ ఇంటిలోని గాలిది. ప్రక్కన కూడా బాగులేకపోతే కంప్యూటరును తీగతో కలిపి చూడండి. తీగతో బాగుంటే లోపము పెట్టెలోని వైఫైది. తీగతోను మందముగా ఉంటే లోపము పెట్టెదో, లైనుదో. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

మూడవది: పెట్టెను ఇంటి మధ్యకు దగ్గరగా, మనిషి ఎత్తున, బయటకు కనబడునట్లు పెట్టండి. దాని కొమ్ములను నిటారుగా నిలుపండి. తరంగములు వాటి చుట్టూ ప్రక్కలకు ఎక్కువగా పరచుకొనును. వంటగదిలో మైక్రోవేవ్ ఉంటే దానికి దూరముగా ఉంచండి. అది కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరనే పనిచేయును.

నాలుగవది: చాలా పెట్టెలు రెండు విధములైన తరంగములు ఇచ్చును. 2.4 దూరము పోవును, గోడలు కొంత మేలుగా దాటును, వేగము తక్కువ. 5 వేగముగా ఉండును గాని గోడ దాటితే నీరసించును. పెట్టె ఉన్న గదిలో 5, దూరపు గదిలో 2.4 వాడుకొనండి.

అయిదవది: పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు వరుస గదులలో అద్దెకున్నవారికి మరియొక ఇబ్బంది. ఇరుగుపొరుగు పెట్టెలన్నియు ఒకే దారిలో అరచును. 2.4లో ఒకదానితో ఒకటి కలియని దారులు మూడే: 1, 6, 11. మీ చుట్టూ తక్కువమంది వాడుచున్నదానిని ఎన్నుకొనండి. ఫోను తెలిసిన పిల్లలు దీనిని చేయగలరు. వారిని అడుగండి.

ఆరవది: కరెంటు ఒక్క క్షణము పోయి వచ్చినా పెట్టె ఆరిపోయి మరల లేచుటకు సమయము పట్టును. చిన్న రూటర్ యూపీఎస్ పెట్టుకుంటే ఆ బాధ తీరును. పెట్టె మీద గుడ్డ కప్పవద్దు, వేడెక్కును. ఆపి ముప్పది సెకండ్ల తరువాత మరల వేయుట మంచిదే. కాని ప్రతిదినము అలా చేయవలసి వచ్చుచుంటే రోగము ఇంకా లోపలనే ఉన్నదని తెలిసికొనండి.

ఏడవది: దూరపు గదికి అన్నిటికంటె నమ్మకమైనది గోడ వెంబడి ఒక లాన్ తీగ లాగుట. రిపీటరు కొంటే దానిని నెట్ రాని గదిలో పెట్టవద్దు. తనకే అందనిది అది ఇతరులకు ఇవ్వలేదు. మంచిగా అందుచున్న చోట, మధ్య దారిలో పెట్టండి.

మా ఇంటిలో బీరువా కాళ్ల క్రింద రాయి పెట్టి సరిచేశాము. పెట్టె మరల కిటికీ మీదికి వచ్చినది. తీగను పెద్ద వలయముగా వదులుగా వ్రేలాడదీశాము. కుమార్తె గదికి ఒక లాన్ తీగ లాగించాము. తీగలు కనబడుచున్నవి. కనబడనిమ్ము.

తప్పు నిజముగా బయట ఉన్నప్పుడు

ఎప్పుడును మనదే తప్పు అని మేము చెప్పుట లేదు. 2024 మార్చి 5న సంగారెడ్డిలో మన పెద్ద రోడ్డును మదీనాగూడ వరకు ఆరు వరుసలుగా విస్తరించుటకు శంకుస్థాపన జరిగినది. ఇటువంటి పనులు జరుగు చోట తవ్వకములో తీగ తెగుట సహజము. అప్పుడు మన బీరువా జరిపి ప్రయోజనము లేదు. కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు అడిగి వ్రాసిపెట్టుకొనండి. ఆ నంబరు లేని ఫిర్యాదు గాలిలో మాట వంటిది. పరిష్కారము కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయు హక్కు మీకున్నది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. వచ్చిన పనివానితో మాత్రము మర్యాదగా మాటలాడండి. స్తంభమెక్కువాడు అతడే. రోడ్డు తవ్వినవాడు అతడు కాడు.

పల్లెలలోనున్నవారికి ఒక మాట. మిషన్ భగీరథ నీళ్ల గొట్టములకు తవ్విన కాలువల వెంబడే టీ-ఫైబర్ గొట్టములు కూడా వేశారు. 2024 డిసెంబరులో ఆ సేవ మొదట ప్రారంభమైన కొద్ది గ్రామములలో మన జిల్లాలోని సంగుపేట ఒకటి. నీళ్లు వచ్చిన దారినే ఇదియు ఇంటింటికి రానున్నది. వచ్చినప్పుడు పెట్టెను ఎక్కడ పెట్టవలెనో ముందే ఆలోచించుకొనండి.

విచారించిన తరువాతనే తీర్పు

యెహోషువ గ్రంథము 22వ అధ్యాయము ఒకసారి కుటుంబముగా చదువుడని మనవి. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను దగ్గర గొప్ప బలిపీఠము కట్టారని మిగిలిన గోత్రములవారు విన్నారు. వినగానే వారు దేవుని విడిచిపెట్టారని తలంచి యుద్ధమునకు షిలోహులో కూడుకున్నారు. అయినను కత్తి తీయకముందు ఒక మంచి పని చేశారు. యాజకుడైన ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను పంపి విచారించారు. అప్పుడు అసలు సంగతి బయటపడినది. అది బలి అర్పించుటకు కట్టినది కాదు. యొర్దాను అవతలనున్న తమ పిల్లలకు దేవునిలో పాలు లేదని రేపు ఎవరును అనకుండునట్లు సాక్షిగా కట్టుకొన్నది. తిరుగుబాటని తలంచినది నిజముగా భక్తి. విచారణ జరుగకపోతే సహోదరులే సహోదరులను చంపుకొనియుందురు.

గమనించండి. ఫీనెహాసు కూడా మొదట కఠినముగానే మాటలాడెను. కాని మాటలాడిన తరువాత వినెను. వినిన తరువాత ఒప్పుకొని తిరిగి వెళ్లెను. మేము మొదటిది మాత్రమే చేశాము. ఇరవై సంవత్సరములుగా పుల్పిటునుండి తీర్పు తీర్చకుడని బోధించుచున్న మేము మా ఇంటిలో, మా బల్ల దగ్గర, మా బిడ్డ చెప్పిన ఒక్క మాటకు చెవి ఇయ్యలేదు. కర్మాగారములో యంత్రమునకు దొరికిన న్యాయము మా కుమార్తెకు దొరుకలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మొదట పాట ఎత్తలేదు. ఆమెవైపు తిరిగి, "తప్పు మాది. నిన్ను అడుగకయే నిన్ను దోషిని చేశాము. క్షమించు" అన్నాము. తండ్రి బిడ్డను క్షమాపణ అడిగితే గౌరవము తగ్గునని మన పెద్దలు కొందరు అనుకొందురు. మా అనుభవములో తగ్గలేదు. ఆమె ఏడ్చినది. కొంతసేపటికి, "కొత్త పాస్‌వర్డు చెప్పండి డాడీ" అన్నది. ఇప్పుడు అది గోడ మీద క్యాలెండరు ప్రక్కన, ఇంటివారందరికి కనబడునట్లు వ్రాసి యున్నది. కనెక్షను కుర్రవానికి కూడా ఫోను చేసి మా మాట వెనుకకు తీసికొన్నాము. అతడు కొంచెము ఆశ్చర్యపడినట్లున్నాడు.

అయితే మధ్యలో పోయిన ఆ రెండు పరీక్షలు తిరిగి రాలేదు. మెట్ల మీద దోమలలో గడిపిన ఆ సాయంత్రములు తిరిగి రాలేదు. క్షమాపణ మనసును బాగుచేయును గాని పోయిన దినములను తిరిగి తేలేదు. కాబట్టి ముందే విచారించుట మేలు.

ప్రియ తల్లిదండ్రులారా, ఈ నెలలో మీ ఇంటిలో నెట్ ఆగినప్పుడు, అదే కాదు, బీరువాలో డబ్బు తక్కువైనప్పుడు, మార్కులు తగ్గినప్పుడు, బిడ్డ ఆలస్యముగా ఇల్లు చేరినప్పుడు, మొదట లైట్లు చూడండి. ఎక్కడివరకు బాగున్నదో, ఎక్కడ ఆగినదో వెదకండి. మీరు జరిపిన బీరువా ఏదైనా ఉన్నదేమో జ్ఞాపకము చేసికొనండి. తరువాత మాటలాడండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, వినుటకు వేగిరపడు చెవిని మాకు అనుగ్రహించుము. మా ఇండ్లలో అన్యాయముగా నిందపడి మౌనముగా ఉన్న బిడ్డలను ఆదరించుము. మా తప్పు మాకు కనబడినప్పుడు దానిని ఒప్పుకొను ధైర్యమిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.